కుక్క ఉన్న వాటా

కోడలు పొద్దున్నే షికారుకి బయల్దేరితే ఇంటి పరువు పోతుంది. అదే కోడలి చేతిలో కుక్క గొలుసు ఉంటే అది షికారు కాదు, ఇంటి పని. ఈ సంగతి మా అత్తగారింట్లో ఎవరూ పైకి చెప్పలేదు గానీ, కాపురానికొచ్చిన కొత్తలోనే నేను కనిపెట్టేశాను. తొంభైల మొదట్లో మాట. పటమటలో ఇల్లు, వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టు. ఇంట్లో అత్తగారు, మా ఆయన, అప్పటికింకా పెళ్ళికాని మరిది, నేను.

కుక్కని నేను తేలేదు. ఒక ముసురు రోజున గేటు సందులోంచి దూరి వచ్చి నా కుట్టుమిషను కింద పడుకుంది. గోధుమరంగు పిల్ల. ఒక చెవి నిక్కి ఉండేది, ఒకటి వాలి ఉండేది. అత్తగారు చీపురు తిరగేశారు. ఆ వారంలోనే మా వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడ్డారని తెలిసి చీపురు పక్కన పెట్టారు.

"ఉంటే ఉండనీ. కానీ నా ముగ్గు మీద అది కాలెత్తిందంటే మాత్రం ఊరుకోను. తెల్లారేసరికి బయట తిప్పుకు రావాలి. నీ కుక్క, నీ తిప్పలు" అన్నారు.

ఆవిడ నాకు శిక్ష వేశాననుకున్నారు. నేను మొహం వీలైనంత ముడుచుకుని "సరే అత్తయ్యా" అన్నాను. లోపల మాత్రం ఎగిరి గంతేశాను. ఆ ఇంట్లో నాదంటూ ఏదైనా ఉందంటే అది ఆ పొద్దుటి కాస్త సేపే. కాఫీ డికాక్షన్ దగ్గర్నుంచి పాలు తోడుపెట్టేదాకా మిగతా రోజంతా ఎవరో ఒకరిది. అందుకని గేటు దాటేదాకా విసుక్కుంటూ నడిచేదాన్ని. సందు మలుపు తిరిగాక నా మొహం నాకొచ్చేది.

వేసవిలో ఆ నడక మరీ బాగుండేది. బెజవాడ ఎండ పొద్దెక్కాక మనిషిని వేపుకు తింటుంది గానీ, తెలతెలవారుతుండగా దాని జాడే ఉండదు. మేడల మీద దోమతెరల్లో జనం ఇంకా నిద్రలోనే ఉండేవాళ్ళు. సందు చివర కానుగ చెట్ల కింద రాలిన పూలు నేలంతా పరుచుకుని ఉండేవి, కుక్క వాటి మీద నడిస్తే సన్నగా చిటచిటలాడేవి. అక్కణ్ణించి పటమటలంక మీదుగా బందరు కాలువ గట్టు. ఏప్రిల్ వచ్చిందంటే కాలువలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా కాలువ ఎండిపోయి, అడుగున బీటలు వారిన ఒండ్రు, అక్కడక్కడా తుంగ. గట్టు మీద తాటిచెట్లు, తుమ్మలు, ఎవరు నాటారో గానీ విరగబూసిన ఒక తురాయి. కోయిల ఆ తురాయిలోంచే కూసేది, ఎంత తల ఎత్తి వెతికినా నాకెప్పుడూ కనిపించలేదు. గోరింకలు మాత్రం కుక్కని చూసి నానా తిట్లూ తిట్టేవి.

కుక్క ప్రతి తాటిమొదలు దగ్గరా ఆగి వాసన చూసేది. నేనూ ఆగేదాన్ని. "ఏం చేస్తున్నావక్కడ?" అని ఎవరూ అడగని చోట ఊరికే నిలబడటం ఎంత సుఖమో, రోజంతా వంటింట్లో మసలే ఆడదాన్ని అడగండి, చెబుతుంది. దూరంగా బెంజ్ సర్కిల్ వైపు లారీ హారన్లు మొదలయ్యాయంటే మళ్ళీ మొహం ముడుచుకుని ఇంటిదారి పట్టేదాన్ని.

కొన్నేళ్ళు అలా గడిచాయి. తర్వాత మరిదికి పెళ్ళయింది.

పెడన పిల్ల. పుట్టింట్లో మగ్గాలున్నాయి. సన్నగా, చామనఛాయగా ఉండేది, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. "అక్కా, అక్కా" అంటూ నా కొంగు పట్టుకు తిరిగేది. కుక్కంటే చచ్చేంత భయం. అది వాకిట్లో పడుకుని ఉంటే పెరటి దారిన చుట్టు తిరిగి వెళ్ళేది. ఆ భయం చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. అదే నా కొంప ముంచింది.

ఒక ఏప్రిల్‌లో మా అమ్మకి కంటి ఆపరేషనని తెనాలి వెళ్ళాను. తిరిగొచ్చి రిక్షా దిగి గేటు తీశానో లేదో కుక్క పరుగెత్తుకొచ్చింది, తోక ఊపింది, చెయ్యి నాకింది. పోన్లే, మర్చిపోలేదు అనుకున్నాను. ఇంతలో లోపల్నుంచి మా తోడికోడలు "ఎవరూ?" అని కేకేసింది. అంతే, నన్నూ నా సంచీనీ అక్కడే వదిలేసి ఆ గొంతు వైపు ఒకటే పరుగు.

"నువ్వు లేవు కదక్కా, అత్తయ్యగారు నన్ను తిప్పమన్నారు. మొదటిరోజు ఏడ్చేశాననుకో. ఇప్పుడు చూడు!" అని దాని వాలిన చెవి పట్టుకుని నిమిరింది. కుక్క కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన నా చేతి కింద అదెప్పుడూ అలా కళ్ళు మూసుకోలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు.

"సరేలే, రేపట్నుంచి నేనున్నాగా" అన్నాను.

"ఎందుకమ్మా నీకొక్కదానికే శ్రమ?" అని అత్తగారు అందుకున్నారు. "ఇన్నేళ్ళు నువ్వు పడ్డది చాలు. ఇక రోజు విడిచి రోజు, ఇద్దరూ తిప్పండి."

శ్రమ అని నేనన్నానా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కానీ అన్నేళ్ళు మొహం ముడుచుకుని నడిచిన పాపానికి, ఇప్పుడు నోరెత్తి "నాకది శ్రమ కాదు అత్తయ్యా" అనడానికి లేదు. తలూపి లోపలికి పోయాను.

ఆ రకంగా నా పొద్దుటి పూట సగానికి పడిపోయింది. నా వంతు కాని రోజున వడియాలు పెట్టే వంకతో మేడెక్కేదాన్ని. కింద సందులో వాళ్ళిద్దరూ వెళ్తూ కనిపించేవాళ్ళు. నేను తీసుకెళ్తే ముందుకు లాగే కుక్క, ఆ పిల్ల పక్కన బుద్ధిగా నడిచేది, మధ్యమధ్యలో తలెత్తి దాని మొహం చూసేది. ఆ పిల్ల దాంతో ఏదో కబుర్లు చెబుతూ నవ్వేది. తిరిగి వచ్చేసరికి పొద్దెక్కేది. కుక్క కాళ్ళకి బురద, ఆ పిల్ల చీర కుచ్చిళ్ళకి బురద.

"ఎండిపోయిన కాలువ దగ్గర బురదెక్కడ దొరికిందే నీకు?" అన్నాను.

"ఊరికే కాలువలోకి దిగామక్కా" అంది, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ.

మర్నాడు నా వంతు. గట్టు మీద కాస్త దూరం పోయాక కుక్క ఒకచోట ఆగి కిందికి లాగడం మొదలుపెట్టింది. "ఇటెక్కడికే దరిద్రపు మొహమా!" అని తిడుతూ, చీర ఎగదోపుకుని, జారుతూ దాని వెనక దిగాను. అన్నేళ్ళలో నేను గట్టు దిగడం అదే మొదటిసారి.

దిగి చుట్టూ చూశాను. రెండు గట్లూ రెండు పక్కలా పైకి లేచి ఊరు కనపడకుండా పోయింది. కాళ్ళ కింద ఒండ్రు చల్లగా ఉంది. వంపు తిరిగితే, కాలువ కట్టేసినప్పుడు మిగిలిపోయిన మడుగు ఒకటి, మా వాకిలంత. అంచున తెల్ల కొంగలు దేన్నీ పట్టించుకోకుండా నిలబడి ఉన్నాయి. గట్టు మట్టిలో చిన్న చిన్న బొరియలు, వాటిలో ఒకదాన్లోంచి లకుముకిపిట్ట రివ్వున వచ్చి నీళ్ళలో మునిగి, ముక్కున చేపపిల్లతో మళ్ళీ బొరియలో దూరిపోయింది. అంత నీలం రంగు మా కొట్లో ఏ చీర మీదా నేను చూళ్ళేదు. కుక్క తిన్నగా పోయి పొట్టదాకా నీళ్ళలో నిలబడి, తనకి తెలిసిన చోటే కాబట్టి, హాయిగా నాలుక వేలాడేసింది.

చెట్టూ చేమా చూస్తే మనసు నిమ్మళిస్తుందంటారు. ఎవరన్నారో గానీ వాళ్ళకి తోడికోడలు ఉండి ఉండదు. ఆ పిట్ట నీలం చూసినకొద్దీ నా కడుపు రగిలిపోయింది. ఇన్ని వేసవులు ఆ గట్టు మీదే నడిచానే, ఒక్కసారైనా దిగుదామని నాకెందుకు తోచలేదు? నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, కుక్కని చూసి ఏడ్చిన పిల్ల, వచ్చీరాగానే దిగిందే! ఆ మడుగుని నాకంటే ముందు చూసింది. ఆ కొంగల్ని ముందు చూసింది. ఇప్పుడు నేనెంత చూసినా ఆ పిల్ల చూసేసినవే చూడాలి.

అది చాలనట్టు, గట్టెక్కేసరికి తాటిచెట్ల కింద ముంజలు కొట్టే మనిషి కుక్కని చూసి మొహం ఇంత చేసుకున్నాడు. ఒక ముంజ ఒలిచి దాని ముందు పడేశాడు.

"చిన్నమ్మగారు రాలేదేంటండీ ఇయ్యాళ?" అన్నాడు నాతో.

"ఇవాళ నా వంతు. అసలు కుక్క నాదే" అన్నాను.

"అట్టాగాండీ! తమరిదీ పటమటేనాండీ?"

"ఎన్నేళ్ళ నుంచో ఈ దారినే పోతున్నాను. నువ్విక్కడే కూర్చుంటావు."

"అవునాండీ? నేనెప్పుడూ చూళ్ళేదండీ" అని మళ్ళీ కత్తి అందుకున్నాడు.

ముంజలంటే నాకు ప్రాణం. ఆ రోజు కొనకుండా వచ్చేశాను.

ఆ తర్వాత నేను చెయ్యని ప్రయత్నం లేదు. నా అన్నంలో నెయ్యి వేసుకోవడం మానేసి దాని గిన్నెలో వేశాను. మీగడ పెరుగు పెట్టాను. అత్తగారు చూడకుండా మంచం పక్కన పడుకోనిచ్చాను. అన్నీ శుభ్రంగా తినేది, తోక ఊపేది, చిన్నదాని గాజులు గలగలమంటే చాలు లేచి వెళ్ళిపోయేది. పోనీ ఆ పిల్లతో పోట్లాడదామా అంటే దానికి పోట్లాడటమే రాదు. "మడుగు భలే ఉంటుంది కదక్కా! రేపు ఇద్దరం కలిసి వెళ్దామా?" అనేది. ఇద్దరం వెళ్తే వంటెవరు చేస్తారని కసిరేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ మడుగు ఆ పిల్ల నాకు చూపించడం అనేది నేను భరించలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మరిది గన్నవరంలో సొంతంగా కొట్టు పెట్టుకుంటానన్నాడు. గొడవేం లేదు, కొట్టు వ్యవహారం అన్నదమ్ములిద్దరూ కూర్చుని తేల్చుకున్నారు. ఇంట్లో సామాను పంపకం మాత్రం ఆడవాళ్ళ పని. దానికి మా వాళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పెద్దకోడలు సామానంతా రెండు వాటాలుగా పెట్టాలి, చిన్నకోడలు ముందు కోరుకోవాలి. మిగిలింది పెద్దదానికి. కోరుకునేది తను కాదు కాబట్టి పెట్టేది మోసం చెయ్యదని పెద్దవాళ్ళ లెక్క. మా అత్తగారు, వాళ్ళ తోడికోడలు కూడా అలాగే పంచుకున్నారట.

"మరి కుక్కో, అత్తయ్యగారూ?" అంది మా తోడికోడలు.

"అదీ ఏదో ఒక వాటాలో పెట్టవే పెద్దదానా. దానికోసం కోర్టుకెక్కుతామా?" అన్నారు అత్తగారు.

ఆ మర్నాడు పంపకం. సామాను సర్దుతూ ఒకటే ఆలోచన. కుక్క పోతే నా నడక కూడా పోతుంది. ఏం చేస్తే ఆ పిల్ల కుక్కని వదులుకుంటుంది? మంచినీళ్ళ కోసం వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీస్తే దారి దొరికింది. ఆ ఫ్రిజ్ అంటే మా తోడికోడలికి ఉన్న మోజు ఇంతా అంతా కాదు. వాళ్ళ పెడనలో ఫ్రిజ్ లేదు. మధ్యాహ్నం పూట వంకలు పెట్టుకుని వచ్చి, తలుపు తీసి, ఆ చల్లగాలికి చెంప ఆనించి నిలబడేది. అత్తగారు కేకలేస్తే గానీ మూసేది కాదు. అది మే నెల. రోళ్ళు పగిలే ఎండలు. ఇంక చెప్పాలా?

వాటాలు పెట్టాను. వసారాలో ఒక పక్క ఫ్రిజ్, మిక్సీ, కొత్త గ్యాస్ స్టవ్, ఇనప బీరువా, మెరిసిపోయే ఇత్తడి బిందెలు. ఇంకో పక్క రుబ్బురోలు, మాటు వేసిన గంగాళం, కీచుమనే టేబుల్ ఫ్యాను, కోడు ఊగే మంచం, మంచం కోడుకి కట్టేసిన కుక్క.

మా ఆయన నన్ను తలుపు చాటుకి లాగాడు. "నీకేమన్నా మతిపోయిందా? మంచివన్నీ ఒక్కచోటే పెట్టావేంటి? అది ఏది కోరుకుంటుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు."

"పెద్దవాళ్ళం. మనమే సర్దుకోవాలండీ" అన్నాను.

అత్తగారు విని కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "ఎంత మనసమ్మా నీది" అన్నారు. నేను వినయంగా తల దించుకున్నాను.

మా తోడికోడలు ముందు ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. దాని మీద చెయ్యి వేసింది. తీసుకోవే తల్లీ, తీసుకో, నీ కడుపు చల్లగా, అని లోలోపల మొక్కుతున్నాను. ఒకసారి తలుపు తీసింది, చెంప ఆనించింది, మూసేసింది. ఇటు పక్కకి వచ్చి ఊగే మంచం మీద కూర్చుంది. కుక్క దాని ఒళ్ళోకి ఎక్కబోయింది.

"నాకిది చాలక్కా" అంది.

మరిది మొహం మాడిపోయింది. మా ఆయన సంతోషం దాచుకోలేక దగ్గాడు. నేను మాత్రం ఒక్క అంగలో మంచం దగ్గరికి వెళ్ళాను. "బాగా ఆలోచించుకోవే! ఎండలు చూశావా ఎలా ఉన్నాయో? చల్లటి నీళ్ళు లేకుండా ఎలా ఉంటావు?"

"కుండ కొనుక్కుంటాలే అక్కా."

"అది కాదు, బీరువా..."

"ఇంకేం మాట్లాడకు" అని అత్తగారు లేచారు. "కోరుకోవడం అయిపోయింది. నువ్వు ఇస్తానన్నావు, అది వద్దంది. ఇద్దరూ ఇద్దరే."

వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఇదే కథ చెప్పేవారు, పెద్దకోడలు ఫ్రిజ్ ఇచ్చేయబోయిందట, చిన్నకోడలు పుచ్చుకోలేదట, ఈ రోజుల్లో ఎక్కడుంటారండీ అలాంటివాళ్ళు అని. నేను మింగలేక కక్కలేక కాఫీలు ఇచ్చేదాన్ని.

ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. రుబ్బురోలుకీ గంగాళానికీ మధ్య కుక్క, దాని మెడ మీద చెయ్యి వేసి మా తోడికోడలు. ఆటో కదిలాక ఆ పిల్ల వెనక్కి తిరిగి ఏడుస్తూ చెయ్యి ఊపింది. కుక్క గాలికి మోర ఎత్తి ముందుకే చూస్తోంది. ఒక్కసారైనా తిరుగుతుందేమోనని సందు మలుపు దాటేదాకా నిలబడ్డాను. తిరగలేదు.

మర్నాడు అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. చెప్పులేసుకుని గేటు దగ్గరికి వెళ్ళేసరికి అత్తగారు ముగ్గు వేస్తున్నారు.

"ఎక్కడికమ్మా? కుక్క లేదుగా" అన్నారు మామూలుగా.

ఎక్కడికని చెప్పను? చెప్పులు విప్పేసి లోపలికి వచ్చాను. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఇంకో కుక్కని తెచ్చుకుందామంటే "పీడా వదిలింది, మళ్ళీ ఎందుకు" అన్నారు. ఆ వేసవి తురాయి పూలు ఇంకా నిలిచాయో లేదో, మడుగులో నీళ్ళు ఉన్నాయో ఇంకిపోయాయో నాకు తెలియదు. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగి తాగి గొంతు పట్టేసింది.

మరుసటి వేసవిలో గన్నవరం వెళ్ళాను, చూసి రమ్మని అత్తగారే పంపారు. వాళ్ళ గుమ్మంలో అడుగు పెట్టగానే కనిపించింది, రెండు తలుపుల కొత్త ఫ్రిజ్. మాదానికంటే పెద్దది. కొట్టు బాగా సాగుతోందట, వచ్చిన కొద్ది నెలలకే మరిది కొనిపెట్టాడట. భగ్గుమంది నాకు. కుక్క తోక ఊపింది, చెయ్యి నాకింది, వెళ్ళి దాని చోట అది పడుకుంది.

పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. అక్కడ ఏలూరు కాలువ. అదీ కట్టేసే ఉంది. గట్టు పొడుగునా మామిడితోటలు, రాలిన పిందెల వాసన. కరెంటు తీగ మీద పాలపిట్ట. మా తోడికోడలు దాన్ని చూసి దణ్ణం పెట్టుకుని, గొలుసు నా చేతిలో పెట్టింది. "ఇవాళ నీ వంతక్కా" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది.

కొంత దూరం పోయాక ఉండబట్టలేకపోయాను. "ఒక్కటి చెప్పవే. ఫ్రిజ్ అంటే అంత పిచ్చి కదా నీకు. ఆ రోజు ఎలా వదులుకున్నావు?"

నవ్వింది. "అంతకుముందు రోజంతా భయపడి చచ్చాననుకో అక్కా. నువ్వు ఇల్లంతా ఒక వాటాలో పెట్టి, కుక్కనొక్కదాన్నే ఇంకో వాటాలో పెడతావేమో, ఆయనకేం చెప్పుకోవాలా అని."

"అలాగే పెట్టాననుకో. అప్పుడు?"

"అప్పుడేముంది? నాలుగు తిట్లు తిని కుక్కనే తెచ్చుకునేదాన్ని." వంగి ఒక పింద ఏరి కొంగుకి తుడుచుకుంది. "అవునూ, నువ్వే కోరుకోవాల్సి వస్తే నువ్వేది కోరుకునేదానివక్కా?"

కుక్క అనేస్తే సరిపోయేది. అందుకు ఇంత ఆలోచన ఎందుకు? నోరు తెరిచాను కూడా. వసారాలో ఆ రెండు వాటాలు, తలుపు చాటున మా ఆయన మొహం, అగ్గిలాంటి ఆ మే నెల, అన్నీ కళ్ళముందుకి వచ్చాయి. ఆ పిల్ల పింద కొరుకుతూ నా వైపే చూస్తోంది, నేనేం చెబుతానో తనకి తెలిసినట్టే, నేనూ కుక్కనే అంటానన్నట్టే.

"ఎండెక్కుతోంది, పద" అని గొలుసు లాగాను.

కుక్క కదల్లేదు. గట్టిగా లాగాను. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడింది. మా తోడికోడలు నడవడం మొదలుపెట్టాక అదీ కదిలింది. గొలుసు పట్టుకుని దాని వెనకాల నేను.